వీడియో ఒక్కటే దాచితే సరిపోదు: ఫ్లాష్ కాలపు ఔత్సాహిక యానిమేషన్లను భద్రపరిచే పద్ధతి

పాత ఫ్లాష్ బొమ్మ ఒకటి దొరకగానే ఎక్కువమంది తెరను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేస్తారు. ఇక అది బతికిపోయినట్టే అనుకుంటారు. ఆ పని చేయాల్సిందే గానీ చివర చేయాలి. వీడియో అనేది ఆ బొమ్మకు తీసిన ఫొటో లాంటిది. నొక్కితే పలికే బొత్తాలు, చేసినవాడు దాచిపెట్టిన తమాషాలు, లేయర్లకు పెట్టుకున్న పేర్లు, ఎవరి బొమ్మ చూసి ఎవరు గీశారన్న జాడ, కింద జరిగిన వాదులాట ఇవేవీ అందులోకి రావు.

1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అనే, కదిలే బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌ను మాక్రోమీడియా కొని ఫ్లాష్ అని పేరు మార్చింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. 2020 డిసెంబరు 31తో ఆ బొమ్మలను బ్రౌజర్లలో ఆడించే ఫ్లాష్ ప్లేయర్ కథ ముగిసింది. 2021 జనవరి 12 నుంచి బ్రౌజర్లలోని ప్లేయరే బొమ్మలను ఆడించకుండా అడ్డుపడింది. అప్పుడు చాలామంది కంగారుపడ్డారు గానీ, బయటికి విడుదలైన బొమ్మల పరిస్థితి ఇప్పుడు మరీ అంత ఘోరంగా లేదు. ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు లక్షకు పైగా ఆటలను, యానిమేషన్లను పోగుచేసింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయం 2020 నవంబరు నుంచి వాటిని బ్రౌజర్‌లోనే ఆడిస్తోంది. నిజంగా జారిపోతున్నవి వేరే: మనుషుల ఇళ్ళలో ఉన్న మూల ఫైళ్ళు, మూతపడుతున్న పేజీల కింద వ్యాఖ్యలు, పనిముట్ల పాత వెర్షన్లు. అందుకే ఈ వరుసలో వెళ్ళండి: ముందు సీడీలు, హార్డ్ డిస్కులు, తర్వాత పేజీలు, వ్యాఖ్యలు, ఆ తర్వాత ఆడే ఫైళ్ళు, పనిముట్లు, అన్నీ అయ్యాక వీడియో.

సీడీలు, పాత డిస్కులు

2000ల్లో హైదరాబాదు అమీర్‌పేటలోనో ఇంకెక్కడో మల్టీమీడియా కోర్సు చేసినవాళ్ళ అల్మరాల్లో ఇంకా సీడీలు ఉంటాయి. పైన మార్కర్‌తో పేరు, తేదీ రాసి ఉంటే ముందు దాన్ని రెండువైపులా ఫొటో తీయండి. ఆ రాత కూడా సమాచారమే. దుమ్ము ఉంటే మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా దారి వెంటే పడుతుంది, అలాంటి గీతను డ్రైవు సర్దుకోలేదు.

సీడీ నుంచి ఫైళ్ళను లాగి కాపీ చేయొద్దు. ఒక్క చెడ్డ చోట తగిలితే విండోస్ ఆ ఫైలు మొత్తాన్ని వదిలేస్తుంది. డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కు మొత్తాన్నీ ఒకే ఇమేజ్ ఫైలుగా తీయండి. సెక్టర్ పరిమాణం 2048 బైట్లని చెప్పండి. మొదటి విడతలో చెడ్డచోట్లు దాటుకుంటూ మంచివన్నీ తీసుకోనివ్వండి, తర్వాత మూడుసార్లు మళ్ళీ ప్రయత్నించమనండి. అది పక్కనే ఒక మ్యాప్ ఫైలు రాసుకుంటుంది, దాన్ని పారేయకండి. అదే డిస్కును వేరే కంపెనీ డ్రైవులో పెట్టి అదే మ్యాప్ ఫైలుతో నడిపితే మొదటి డ్రైవు చదవలేని చోట్లు మాత్రమే రెండోది ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవు కక్కిన సీడీని ఇంకో డ్రైవు చదవడం మామూలే.

పాత కంప్యూటరైతే దాన్ని ఆన్ చేసి వెతకొద్దు. ఆన్ చేయగానే విండోస్ తన సొంత ఫైళ్ళు రాసుకుంటూ, చెరిపేసినవాటి చోటును తొక్కేస్తుంది. డిస్కును బయటికి తీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలించి ఇమేజ్ తీయండి. ఆ కాలపు డిస్కులు చాలావరకు ఐడీఈ రకం, కాబట్టి ఐడీఈ, సాటా రెండూ ఉన్న అడాప్టర్ కొనాలి. డిస్కు టకటకమని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. అది డేటా రికవరీ చేసేవాళ్ళ పని.

ఇమేజ్ లోపల ఎస్‌డబ్ల్యూఎఫ్, ఎఫ్‌ఎల్‌ఏ ఫైళ్ళు (మొదటిది ఆడే ఫైలు, రెండోది మూల ఫైలు. వాడేవాళ్ళు ‘స్విఫ్’, ‘ఫ్లా’ అంటారు, ఇక్కడా అలాగే అందాం), ప్రొజెక్టర్‌గా, అంటే ప్లేయర్‌తో కలిపి కట్టిన ఎక్స్‌ఈలు, పివట్ అనే కర్రబొమ్మల సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు, వేవ్, ఎంపీత్రీ పాటలు వెతకండి. స్విఫ్ పక్కన హెచ్‌టీఎంఎల్ ఫైలుంటే దాన్నీ తీసుకోవాలి. బొమ్మ వెడల్పు, ఎత్తు, ఫ్లాష్‌వార్స్ పేరిట బయటినుంచి అందించే విలువలు అందులోనే ఉంటాయి, అవి లేకుండా కొన్ని బొమ్మలు ఖాళీ తెర చూపిస్తాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరు కూడా చూడండి. ఇప్పుడు ఎక్కడా దొరకని స్విఫ్‌లు అక్కడ పడి ఉండొచ్చు.

ఒక హెచ్చరిక. ఎక్స్‌ఈ ప్రొజెక్టర్లను యాంటీవైరస్ అనుమానించి చెప్పకుండా తీసేస్తుంటుంది. పని చేసే ఫోల్డరును దాని తనిఖీ నుంచి మినహాయించి, ఆ ఫైళ్ళను నెట్ లేని వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) మాత్రమే తెరవండి. ఇంకొకరికి పంపాలంటే జీమెయిల్ ఎక్స్‌ఈని జిప్‌లో పెట్టినా ఒప్పుకోదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో, జిఫ్ కుదించుకుపోతాయి, ‘డాక్యుమెంట్’గా పంపితేనే అసలు రూపంలో చేరతాయి.

ఫ్లా ఫైలును తెరిచి ‘సేవ్’ నొక్కితే

స్విఫ్ వండిన కూరైతే, ఫ్లా వంటగదిలోని దినుసులు. లేయర్ల పేర్లు, ప్రచురించిన బొమ్మలో కనిపించని గైడ్ లేయర్లు, గీసి వాడకుండా వదిలేసిన బొమ్మలు, స్క్రిప్టులో రాసుకున్న వ్యాఖ్యలు ఫ్లాలోనే ఉంటాయి. జేపెక్స్ అనే ఉచిత డీకంపైలర్ స్విఫ్ నుంచి ఫ్లా తయారు చేసి ఇస్తుంది గానీ, పైన చెప్పినవన్నీ ప్రచురించేటప్పుడే పోయినవి, అది తిరిగి తేలేదు.

ఈ పనిలో ఎక్కువ నష్టం చేసేది కొత్త వెర్షన్‌లో తెరిచి అలవాటుగా సేవ్ చేయడమే. 2013లో వచ్చిన ఫ్లాష్ సీసీ నుంచి, ఫ్లాష్ బొమ్మలకు కోడు రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్‌లో 1, 2 వెర్షన్లకు మద్దతు తీసేశారు. 2016లో యానిమేట్‌గా పేరు మారాక కూడా అంతే. ఆ స్క్రిప్టుతో చేసిన ఫ్లాను అందులో తెరిస్తే యాక్షన్‌స్క్రిప్ట్ 3కి మారిపోతుంది, బొత్తాల వెనకున్న తెలివంతా పనికిరాకుండా పోతుంది. అలాంటివాటికి సీసీకి ముందు వెర్షన్ సీఎస్6 సరైనది. ఏ వెర్షన్ అయినా అసలు ఫైలును ముందే ‘చదవడానికి మాత్రమే’ అని గుర్తుపెట్టి, దాని కాపీనే తెరవండి.

సీఎస్5 నుంచి ఫ్లా అంటే లోపల ఒక జిప్. కాపీ తీసి ఎక్స్‌టెన్షన్ మార్చి విప్పితే టైమ్‌లైన్ అంతా ఎక్స్‌ఎంఎల్‌గా, లైబ్రరీ ఒక ఫోల్డరుగా కనిపిస్తుంది. అడోబీ సాఫ్ట్‌వేర్ లేకపోయినా లేయర్ల పేర్లు చదువుకోవచ్చు. అంతకుముందువి మరో రకం బైనరీ, జిప్‌గా విప్పుకోవు. విప్పుకోలేదు కాబట్టి పాడైందని పారేయకండి.

వెబ్ మీద ఉన్నవి తీసుకోవడం

స్విఫ్ ఒక్కటే దించుకుంటే దాని కింద ఏం మాట్లాడుకున్నారో పోతుంది. పేజీని పేజీలాగే దాచే ఫార్మాట్ పేరు వార్క్, 2009 నుంచి ఐఎస్ఓ ప్రమాణం. పెద్ద సైటుకు, పేజీలు దించే ఉచిత సాఫ్ట్‌వేర్ వీగెట్ వార్క్ రాయగలదు. అభ్యర్థనకూ అభ్యర్థనకూ మధ్య రెండేసి సెకన్ల విరామం పెట్టండి. ఆ చిన్న సైట్లు ఎవరో ఒకరు తన జేబులోంచి నడిపేవి, హడావిడిగా లాగితే సర్వరు పడిపోతుంది, లేదా మీ ఐపీని అడ్డుకుంటారు. ‘ఇంకా వ్యాఖ్యలు చూపు’ లాంటి బొత్తాలున్న పేజీలకు వీగెట్ చాలదు. ఆర్కైవ్‌వెబ్.పేజ్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని మీరే ఒక్కొక్కటి నొక్కుకుంటూ వెళ్ళాలి. నొక్కనిది రికార్డు కాదు.

సైటు ఇప్పటికే పోయిందా? ఇంటర్నెట్ ఆర్కైవ్ పాత పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో చూడండి. అయితే అక్కడినుంచి ఫైలు దించేటప్పుడు ఒక కిటుకుంది. చిరునామాలో 14 అంకెల తేదీ ఉంటుంది. దాని చివర ఇంగ్లీషు చిన్నబడి ఐ, డి అక్షరాలు, ఒక అండర్‌స్కోర్ చేర్చండి. అప్పుడు వేబ్యాక్ తన పట్టీ, మార్పులు ఏవీ కలపకుండా పట్టుకున్ననాటి అసలు బైట్లనే ఇస్తుంది. ఒకే ఫైలును వేర్వేరు తేదీల్లో పట్టుకుని ఉంటే అన్నీ దించి పోల్చండి. మొదట పెట్టిన బొమ్మను వ్యాఖ్యలు చూశాక సరిదిద్ది మళ్ళీ పెట్టడం ఆనాటి అలవాటు, కాబట్టి రెండూ విలువైనవే.

ఫైలు పేర్లు మార్చకండి. ‘ఇంట్రో2 ఫైనల్ ఫైనల్’ అని ఉన్నా సరే. చాలా స్విఫ్‌లు పక్క ఫైలును దాని పేరుతోనే పిలుస్తాయి, మీరు చక్కబెడితే ఆ పిలుపు అందదు.

వచ్చింది సరిగా వచ్చిందా?

ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మొదటి మూడు అక్షరాలు చూడండి. ఎఫ్‌డబ్ల్యూఎస్ అయితే కుదించని స్విఫ్, సీడబ్ల్యూఎస్ అయితే జెడ్‌లిబ్‌తో, జెడ్‌డబ్ల్యూఎస్ అయితే ఎల్‌జెడ్‌ఎంఏతో కుదించినది. నాలుగో బైటు వెర్షన్. ఆ తర్వాతి నాలుగు బైట్లు విప్పాక ఉండాల్సిన పొడవు. ఎఫ్‌డబ్ల్యూఎస్‌లో ఆ అంకె ఫైలు సైజుతో సరిపోలాలి. ఫైలు సైజు అంతకన్నా తక్కువుంటే దించుకోవడం మధ్యలో తెగింది. మొదటి అక్షరమే కోణపు బ్రాకెట్టయితే అది బొమ్మ కాదు, ‘పేజీ దొరకలేదు’ అనే హెచ్‌టీఎంఎల్‌ను స్విఫ్ పేరుతో దాచుకున్నారన్నమాట. పెద్ద సేకరణల్లో ఇవి డజన్లకొద్దీ ఉంటాయి.

తర్వాత పరిమాణం మీద అనుమానపడండి. అయిదు నిమిషాల బొమ్మ 8 కేబీ ఉందంటే అది బొమ్మ కాదు, లోడర్. అసలుది ఇంకో చోట ఉంది. జేపెక్స్‌లో స్క్రిప్టులు తెరిచి లోడ్‌మూవీ, లోడ్‌వేరియబుల్స్, యూఆర్ఎల్‌రిక్వెస్ట్ అనే పదాలు వెతికితే అది ఎవర్ని పిలుస్తోందో తెలుస్తుంది. పొడవైన బొమ్మలను ముక్కలు చేయడం కూడా మామూలే, ఎందుకంటే ఒక టైమ్‌లైన్‌లో 16,000 ఫ్రేములు దాటితే ప్లేయర్ ఆడించదు. భాగాలన్నీ దొరికేదాకా ‘పూర్తయింది’ అని రాయకండి.

ఆడించడానికి మొదట రఫుల్ వాడండి. రస్ట్ భాషలో రాసిన ఎమ్యులేటర్ ఇది, అంటే ఫ్లాష్ ప్లేయర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్. దీన్ని మొదలుపెట్టిన మైక్ వెల్ష్‌దే స్విఫ్‌ను వీడియోగా మార్చే స్వివెల్ కూడా. యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2తో చేసినవి, అంటే ఔత్సాహికుల బొమ్మల్లో పెద్ద భాగం, చాలావరకు బాగానే ఆడతాయి. యాక్షన్‌స్క్రిప్ట్ 3 ఫ్లాష్ ప్లేయర్ 9తో వచ్చిన వేరే యంత్రం. అందులో చేసినవాటిలో లోపాలు కనిపిస్తే ముందు రఫుల్‌ను అనుమానించండి, ఫైలును కాదు. తేల్చుకోవాలంటే అడోబీ విడిగా ఇచ్చిన ప్రొజెక్టర్‌లో ఆడించి పోల్చాలి. దానికి 2021 నాటి గడువు వర్తించదు. వర్చువల్ మెషీన్‌లో, నెట్ తీసేసి నడపండి. ‘ఫ్లాష్ ప్లేయర్ ఉచితం’ అంటూ ఎవరో ఇచ్చే ఇన్‌స్టాలర్ల జోలికి మాత్రం వెళ్ళొద్దు.

కొన్ని స్విఫ్‌లు తమ సొంత సైటులో తప్ప ఎక్కడా ఆడవు. తెర మీద ఒక నిందావాక్యం చూపించి ఆగిపోతాయి. దొంగిలించి తమ సైటులో పెట్టుకునేవాళ్ళ బాధ పడలేక పెట్టుకున్న తాళం అది. ఫైలును కోసి తాళం తీయకండి, కోసిన ఫైలు అసలుది కాదు. రఫుల్ డెస్క్‌టాప్‌లో స్విఫ్ చిరునామా ఫలానా అని నమ్మబలికే సెట్టింగు ఉంది, అందులో పాత చిరునామా ఇస్తే సరిపోతుంది. ఫ్లాష్‌పాయింట్ ఇదే పనిని ప్రాక్సీతో చేస్తుంది. ఫైళ్ళను పాత డొమైన్ పేరుగల ఫోల్డరులో, ఆనాటి దారుల్లోనే అమర్చి, ఆ సైటు ఇంకా బతికే ఉందని బొమ్మను నమ్మిస్తుంది.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు

ఫ్లాష్ ప్లేయర్ 10కి ముందు యూనికోడ్ తెలుగు సరిగా పడేది కాదు, ఒత్తులు, గుణింతాలు విడిపోయేవి. అందుకని డీటీపీవాళ్ళు వాడే అను ఫాంట్ల లాంటివాటితో టైపు చేసేవాళ్ళు, లేదా ‘బ్రేక్ అపార్ట్’ కొట్టి అక్షరాలను బొమ్మలుగా మార్చేసేవాళ్ళు. రెండోదానికి భయం లేదు. మొదటిదానిలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. స్విఫ్‌లో కదలని పాఠ్యానికి అక్షరాల ఆకారాలు లోపలే చేరి ఉంటాయి కాబట్టి బాగానే కనిపిస్తుంది. డైనమిక్ పాఠ్యానికి (ఆడేటప్పుడు మారగలిగేది) ఫాంటు జతచేయకపోతే, లేదా ఫ్లాను ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. ఫైలు పాడవలేదు. ‘ఫాంటు లేదు, బదులుగా ఏది వాడమంటారు’ అని అడిగినప్పుడు ఏదో ఒకటి ఎంచుకుని సేవ్ చేయడమే అసలు ప్రమాదం. ఫాంటు పేరు రాసుకోండి, తెరమీది తెలుగును యూనికోడ్‌లో టైపు చేసి వివరాల ఫైలులో పెట్టండి. లేకపోతే ఆ బొమ్మలో ఏముందో వెతుకులాటకు ఎప్పటికీ దొరకదు.

ఫ్లాష్ కాని లోకాలు

ఫ్లిప్‌నోట్ స్టూడియో సంగతి వేరు. నింటెండో డీఎస్ఐ అనే చేతిలో పట్టే ఆటల కన్సోల్ మీద స్టైలస్‌తో గీసే ఈ సాఫ్ట్‌వేర్ 2008లో జపాన్‌లో వచ్చింది. 256×192 చుక్కల తెర, రెండు లేయర్లు, నలుపు, తెలుపు, ఎరుపు, నీలం, అత్యధికంగా 999 ఫ్రేములు. ఇంత ఇరుకులో పిల్లలు చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. ఆన్‌లైన్ సేవ ఫ్లిప్‌నోట్ హటేనా 2013 మే 31న మూతపడింది. తర్వాత అభిమానులే సుడోమెమో అనే సర్వరు పెట్టుకున్నారు.

ఈ ఫైలు ఫార్మాట్ పేరు పీపీఎం (అదే పేరున్న ఫొటో ఫార్మాట్‌తో దీనికి చుట్టరికం లేదు). దీన్ని జిఫ్‌గానో వీడియోగానో మార్చి అసలుది పారేస్తే పోయేది ఫ్రేములు కాదు, వంశవృక్షం. ఒకరి బొమ్మను ఇంకొకరు తీసుకుని మార్చి తిరిగి పంచుకోవడం అక్కడి ప్రాణం. మొదట గీసినవారు, ఎవరి నుంచి తీసుకున్నారు, ఇప్పుడు మార్చినదెవరు అనే మూడు పేర్లూ, మాతృ ఫైలు పేరూ, తేదీ, తాళం వేశారా లేదా అన్నదీ ఫైలులోనే ఉంటాయి. ఫైలు పేరు చివర మూడంకెలు ఎన్నిసార్లు మార్చి సేవ్ చేశారో చెబుతాయి. కాబట్టి ఇక్కడా పేరు మార్చకూడదు. కన్సోల్ లోపలి మెమరీలో ఉన్నవాటిని ముందు ఫ్లిప్‌నోట్ స్టూడియో నుంచే ఎస్‌డీ కార్డుకు కాపీ చేయాలి. తర్వాత కార్డులోని ప్రైవేట్ అనే ఫోల్డరు మొత్తాన్నీ తీసుకోండి, లోపలి ఫైళ్ళు ఏరుకోవద్దు. వీటిని బ్రౌజర్‌లో ఆడించడానికి ఫ్లిప్‌నోట్.జేఎస్ ఉంది. ప్రతి రచయితకూ కన్సోల్‌ను బట్టి ఒక గుర్తింపు సంఖ్య కూడా ఫైలులో ఉంటుంది, బయటపెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

స్క్రాచ్‌లో దీనికి తలకిందులు. 2007 నుంచి ఉన్న, పిల్లలు కోడు కూర్చి బొమ్మలు ఆడించే ఈ ఎంఐటీ పనిముట్టులో ఎస్‌బీ3 ఫైలును జిప్‌లా విప్పితే బొమ్మలు, శబ్దాలు, కోడు అన్నీ దొరుకుతాయి. కానీ ఎవరు ఎవరిది రీమిక్స్ చేశారన్న చెట్టు సర్వరులోనే ఉంటుంది. ప్రాజెక్టు పేజీని కూడా వార్క్‌గా పట్టుకోకపోతే బంధుత్వం తెగిపోతుంది.

పివట్ కర్రబొమ్మలకు రెండు రకాల ఫైళ్ళు: పీఐవీలో యానిమేషన్, ఎస్‌టీకేలో ఒక్కో బొమ్మ. చాలామంది మొదటిదే దాస్తారు. నిజానికి ఆ సమాజంలో చేతులు మారిన సరుకు రెండోదే. కత్తులు, మంటలు, గుర్రాలు కట్టలుగా పంచుకునేవాళ్ళు, ఆ కట్టలో ఎవరు చేశారో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలుండేది. కొత్త పివట్ పాతవి తెరుస్తుంది, పాతది కొత్తవి తెరవదు. అందుకే ఫైలుతోపాటు ఆనాటి వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను కూడా దాచండి.

అన్నిటికన్నా కష్టం పూర్తిగా సర్వరులో బతికిన పనిముట్లు. ఎక్స్‌ట్రానార్మల్ 2013లో మూతపడింది. గోయానిమేట్ 2018లో వయాండ్‌గా మారి వ్యాపార వీడియోల వైపు వెళ్ళింది. వాటిలో దించుకోవడానికి ప్రాజెక్టు ఫైలంటూ ఉండదు, పాత్రలూ వేదికలూ కంపెనీవి. ఇలాంటి పనిముట్టు ఇంకా బతికుండగానే ఎడిటర్‌ను వాడుతూ తెర రికార్డు చేయండి: ఖాళీ ప్రాజెక్టు నుంచి పూర్తయ్యేదాకా ఒకటి, పాత్రల జాబితా అంతా జరుపుతూ ఒకటి. కంప్యూటర్ గొంతుల పేర్లు రాసుకోండి. అవి వేరే కంపెనీల నుంచి అద్దెకు తెచ్చినవి, ఒప్పందం అయిపోగానే ఆ గొంతు మాయమవుతుంది. తల్లిదండ్రులు పిల్లలకు శిక్షవేసే గోయానిమేట్ ‘గ్రౌండెడ్’ వీడియోల్లో హాస్యమంతా ఆ జీవంలేని గొంతులోనే ఉంది.

మాటలు, మనుషులు

ఔత్సాహికుల ఫ్లాష్ బొమ్మలకు పేరుపడ్డ సైటు న్యూగ్రౌండ్స్‌లో కొత్త బొమ్మకు చూసినవాళ్ళే మార్కులు వేస్తారు, మరీ తక్కువొస్తే తీసేస్తారు. దాన్ని ‘బ్లామ్’ కావడం అంటారు. ఏటా ఆగస్టు 15న గడియారం బొమ్మల గుంపు క్లాక్ డే జరుపుకుంటుంది. ఈ సంగతి తెలియనివాడికి ఆ రోజు వచ్చిన వందలాది గడియారాలు చెత్తలా కనిపిస్తాయి. కాబట్టి సేకరణతోపాటు ఒక పదకోశం పెట్టండి: పదం, అర్థం, ఎక్కడ ఎప్పుడు వాడారో ఒక నిజమైన వాక్యం. మార్కులు రాస్తే ఏ తేదీనాటివో కూడా రాయాలి, అవి మారుతుంటాయి. వ్యాఖ్యల్లో తిట్లున్నాయని ఏరేయకండి. భద్రపరిచే ప్రతిలో అన్నీ ఉండాలి, బయటికి చూపే ప్రతిలో ఏం చూపాలో వేరే నిర్ణయం. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినప్పుడు తెలుగు బృందాల్లో ఉన్నవాళ్ళకు ఈ బాధ అనుభవమే: ఫొటోలు దించుకున్నారు, కబుర్లు వదిలేశారు.

చేసినవాళ్ళు దొరికితే అరగంట ఫోనులో మాట్లాడి, అనుమతితో రికార్డు చేయండి. ‘ఎందుకు చేశారు’ లాంటి ప్రశ్నలకు అందరూ ఒకే జవాబు చెబుతారు. ఏ వెర్షన్, మౌసా ట్యాబ్లెట్టా, పాట ఎక్కడిది, గొంతు ఎవరిది, ఎవరి ట్యుటోరియల్ చూసి నేర్చుకున్నారు, ఏ ఫ్రేము గీయడానికి ఎక్కువ కష్టపడ్డారు – వీటికే పనికొచ్చే జవాబులొస్తాయి. బొమ్మను ఆడిస్తూ అడిగితే మరీ మంచిది.

వీళ్ళలో చాలామంది అప్పటికి పిల్లలు. పదమూడేళ్ళప్పుడు చేసింది ఇవాళ తన పేరుతో కనిపించడం ఇష్టంలేదంటే వాదించొద్దు. ప్రతిని మూసి ఉంచండి, లేదా ఆన్‌లైన్ మారుపేరు వరకే చూపండి. మారుపేరును అసలు పేరుతో మీరై మీరు కలపకూడదు.

ఇప్పుడు వీడియో

ఫ్లాష్‌లో ఫ్రేము వేగం సీఎస్3 వరకు మామూలుగా 12, సీఎస్4 నుంచి 24. పన్నెండు ఫ్రేముల బొమ్మను 30 ఫ్రేముల్లో రికార్డు చేస్తే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు పడి నడక కుంటుతుంది. 24 లేదా 60 ఎంచుకోండి. టైమ్‌లైన్ మీద నడిచే బొమ్మకు తెర రికార్డు కన్నా స్వివెల్ నయం, ఒక్కో ఫ్రేమునూ లెక్కగా గీస్తుంది. స్క్రిప్టుతో నడిచేవాటికి, నొక్కితే కదిలేవాటికి తెర రికార్డే గతి.

మామూలు వేదిక 550×400. వెక్టర్ కాబట్టి సరిగ్గా రెట్టింపు, 1100×800 చేస్తే గీతలు పదునుగా వస్తాయి. అదే నిష్పత్తి ఉంచండి, వెడల్పు తెరకోసం సాగదీయొద్దు. శబ్దం పెదవులతో కలవకపోతే ఫ్లాష్‌లో శబ్దం రెండు రకాలని గుర్తుచేసుకోండి. ‘స్ట్రీమ్’ శబ్దం కోసం ప్లేయర్ ఫ్రేములు వదిలేసైనా జోడు కలుపుతుంది. ‘ఈవెంట్’ శబ్దం దానిపాటికది పోతుంది, కంప్యూటర్ నెమ్మదిస్తే బొమ్మ వెనకబడుతుంది. రెండోరకం బొమ్మను వేగంగా ఆడే యంత్రంలో మళ్ళీ తీయాలి తప్ప ఎడిటింగులో సర్దకూడదు.

దాచే ప్రతి ఎఫ్‌ఎఫ్‌వీ1 కోడెక్‌లో, ఎంకేవీగా. చూసే ప్రతి హెచ్.264. మామూలు హెచ్.264 రంగు వివరాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తుంది, సన్నని ఎర్ర గీతలు చెదిరిపోతాయి. అందుకే మొదటి ప్రతిలో రంగును తగ్గించొద్దు. యూట్యూబ్‌ను దాచుకునే చోటుగా లెక్కపెట్టకండి. ఆనాటి బొమ్మల్లో చాలావాటిలో సినిమా పాటలూ ఆటల సంగీతమూ అడక్కుండా వాడారు, హక్కుల తనిఖీలో శబ్దం మూగబోతే మిగిలింది వేరే బొమ్మ.

పెట్టె సర్దడం

ఒక్కో బొమ్మకు ఒక ఫోల్డరు: ముట్టుకోని అసలు ఫైళ్ళు ఒకదాంట్లో, మీరు తయారు చేసినవి ఇంకోదాంట్లో, వివరాల టెక్స్ట్ ఫైలు బయట. ఆ ఫైలులో శీర్షిక (అప్పటి స్పెల్లింగు తప్పులతో సహా), మారుపేరు, తేదీ, దొరికిన చోటు, పనిముట్టు వెర్షన్, ఫ్రేము వేగం, వేదిక కొలత, బయటి ఫైళ్ళు, ఫాంట్లు, పాట ఎవరిది, అనుమతి ఎవరిచ్చారు, ఏది ఇంకా దొరకలేదు అన్నవి రాయండి. ప్రతి అసలు ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు బైట్ల నుంచి లెక్కించే, వేలిముద్ర లాంటి సంఖ్య) తీయండి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్ళో. ఏడాదికోసారి చెక్‌సమ్‌లు మళ్ళీ లెక్కించి పోల్చండి, తేడా వచ్చిన ఫైలును మిగతా ప్రతుల నుంచి తెచ్చుకోండి.

చట్టం వైపు చూస్తే, మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం గీసిన బొమ్మలకు, రాతకు, సంగీతానికి రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు, సినిమాగా లెక్కకొచ్చేవాటికి ప్రచురించాక 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. డబ్బు తీసుకోకుండా చేసిన బొమ్మకూ అంతే. కాబట్టి చేసినవారిని పట్టుకుని రాతపూర్వకంగా అడగండి. ఒక ఈమెయిలు చాలు: భద్రపరచడానికి సరేనా, అందరికీ చూపడానికి సరేనా, ఏ పేరుతో. మూడూ విడివిడి ప్రశ్నలుగా అడగాలి. మొదటిదానికి సరేనని రెండోదానికి వద్దనేవాళ్ళు చాలామంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టేటప్పుడు స్విఫ్ అక్కడే ఆడాలంటే వివరాల్లో ఎమ్యులేటర్ అనే అరలో రఫుల్-ఎస్‌డబ్ల్యూఎఫ్ అనీ, ఎమ్యులేటర్ ఎక్స్‌టెన్షన్ అరలో ఎస్‌డబ్ల్యూఎఫ్ అనీ ఇవ్వాలి. అన్నీ ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో, హైఫన్‌తో. ఇది మరిచిపోతే బొమ్మ ఉంటుంది గానీ ఆడే కిటికీ రాదు. ఫ్లాష్‌పాయింట్‌కు పంపాలంటే వాళ్ళ క్యూరేషన్ పనిముట్టులోనే అమర్చాలి: లోగో ఒకటి, స్క్రీన్‌షాట్ ఒకటి, వివరాల ఫైలు, పాత డొమైన్ దారిలో పేర్చిన ఫైళ్ళు. పంపే ముందు వాళ్ళ జాబితాలో శీర్షికతోనే కాకుండా రచయిత మారుపేరుతో కూడా వెతకండి, ఒకే బొమ్మ రెండు మూడు పేర్లతో తిరిగిన సందర్భాలు ఎక్కువ. అక్కడ ఉన్నది మీ ఫైలేనా కాదా అన్నది చెక్‌సమ్ తేలుస్తుంది. సరిపోకపోతే మీదగ్గరున్నది వేరే ప్రతి, దాన్నీ పంపండి.